వెయ్యి రూపాయల వైన్‌కూ నాలుగు వేల వైన్‌కూ తేడా ఎక్కడ?

2024 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లోని మద్యం దుకాణాలు ప్రభుత్వ నిర్వహణ నుంచి మళ్లీ ప్రైవేటు లైసెన్సుదారుల చేతికి వచ్చాయి. అంతకుముందు కనిపించని బ్రాండ్లు చాలా తిరిగి అరలెక్కాయి. మరోవైపు విదేశీ వైన్ల మీద దిగుమతి సుంకం తగ్గించే వాణిజ్య ఒప్పందాల వార్తలు వస్తున్నాయి. దాంతో తిరుపతి, చిత్తూరు పట్టణాల్లో ఇదివరకు వైన్ జోలికి వెళ్లనివారు కూడా ఒక ప్రశ్న వేస్తున్నారు: ఒకే పరిమాణంలో ఉన్న రెండు సీసాల్లో ఒకటి వెయ్యి, ఇంకొకటి నాలుగు వేలు ఎందుకు? తక్కువ ధరలో మంచిది ఉంటుందా?

ఒక మాట ముందే చెప్పాలి. తిరుమల కొండ మీద మద్యం, మాంసం పూర్తిగా నిషిద్ధం. ఇక్కడ చెప్పేదంతా కొండ కింది సంగతి, అదీ చట్టం అనుమతించే 21 ఏళ్లు నిండినవారికి సంబంధించినది.

ఒకే ద్రాక్ష నుంచి ఇన్ని రకాలు ఎలా వస్తాయి

వైన్ అంటే పులిసిన ద్రాక్షరసం. ద్రాక్షలోని చక్కెరను ఈస్ట్ తిని ఆల్కహాలుగా, బొగ్గుపులుసు వాయువుగా మారుస్తుంది. విస్కీలాగా మరిగించి ఆవిరిని పట్టే పని ఇందులో లేదు. అందుకే మన దేశంలో విస్కీ సాధారణంగా 42.8 శాతం ఆల్కహాలుతో వస్తే, మామూలు వైన్‌లో అది 11 నుంచి 14.5 శాతం మధ్య ఉంటుంది.

నల్లద్రాక్షను కోసి పిండి చూస్తే రసం చాలావరకు తేటగానే వస్తుంది. రంగంతా తొక్కలో ఉంటుంది. తొక్కలతో కలిపి పులియబెడితే రెడ్ వైన్, తొక్కలు తీసేసి రసాన్ని మాత్రమే పులియబెడితే వైట్ వైన్, కొన్ని గంటలపాటు తొక్కలు నానబెట్టి తీసేస్తే గులాబీరంగు రోజే వైన్. మూసిన పాత్రలో రెండోసారి పులియబెట్టి వాయువు బయటికి పోకుండా ఆపితే బుడగలు లేచే స్పార్క్లింగ్ వైన్. పోర్చుగల్‌లోని డౌరో లోయలో రసం సగం పులిసేసరికి ద్రాక్ష నుంచి తీసిన స్పిరిట్ పోస్తారు. ఈస్ట్ చచ్చిపోతుంది, తినకుండా మిగిలిన చక్కెర అలాగే నిలుస్తుంది, ఆల్కహాలు 20 శాతం దాకా చేరుతుంది. అదీ అసలైన పోర్ట్. గోవా వెళ్లివచ్చినవారు చెప్పే చౌక తీపి ‘పోర్ట్’కు ఆ పేరు ఉన్నా అది వేరే సరుకు. ‘నేను వైన్ తాగాను, మందులా తియ్యగా ఉంది’ అని చాలామంది తేల్చేయడానికి ఆ సీసాయే కారణం. వైన్లలో అది ఒక మూల మాత్రమే.

నాలుకకు తెలిసేది, ముక్కుకు తెలిసేది

వైన్ రుచి గురించి రాసేవారు గులాబీలు, తోలు, పొగాకు అంటూ వర్ణిస్తుంటే కొత్తవారు బెదిరిపోతారు. నిజానికి నోరు ముఖ్యంగా పట్టుకునేవి నాలుగు: తీపి, పులుపు, వగరు, నోట్లో తెలిసే బరువు. మిగతాది చాలావరకు ముక్కు పని.

వగరును ఇచ్చేది తొక్కల్లో, గింజల్లో ఉండే టానిన్. నేరేడుపండు తిన్నాక నాలుక బిగుసుకుపోతుంది కదా, రెడ్ వైన్‌లో తెలిసేది ఆ స్పర్శే. తొక్కలు లేకుండా తయారయ్యే వైట్‌లో అది చాలా తక్కువ. బరువు ఎక్కువగా ఆల్కహాలు వల్ల వస్తుంది. 14.5 శాతం ఉన్న వైన్ 11.5 శాతం ఉన్నదానికన్నా చిక్కగా అనిపిస్తుంది.

ఎక్కువమంది తికమకపడేది తీపి దగ్గరే. ‘డ్రై’ అంటే చక్కెర దాదాపు మిగలకుండా పులిసిన వైన్. యూరప్ నిబంధనల ప్రకారం లీటరుకు 4 గ్రాముల లోపు చక్కెర ఉంటే ఆ మాట వాడవచ్చు. పులుపు ఎక్కువగా ఉన్న వాటిలో ఇంకాస్త చక్కెరకూ అనుమతి ఉంది. అయినా అలాంటి వైన్‌ను వాసన చూసి ‘తియ్యగా ఉంది’ అంటారు. మామిడి, జామ, అనాస లాంటి పరిమళాలు వస్తే మన మెదడు దానికి తీపిని జోడించుకుంటుంది. తేల్చుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. ముక్కు మూసుకుని ఒక గుక్క తీసుకుంటే పండ్ల పరిమళం మాయమవుతుంది, నిజమైన తీపి మాత్రం నాలుక మీద ఉంటుంది.

స్పార్క్లింగ్ సీసాల మీది మాటలు ఈ తికమకను ఇంకా పెంచుతాయి. ‘బ్రూట్’ అంటే లీటరుకు 12 గ్రాముల లోపు చక్కెర. ‘ఎక్స్‌ట్రా డ్రై’ అంటే 12 నుంచి 17 గ్రాములు. అంటే పేరుకు ఎక్స్‌ట్రా డ్రై, రుచికి బ్రూట్ కన్నా తీపి. ‘డెమీ సెక్’లో 32 నుంచి 50 గ్రాములు ఉంటుంది. తీపి ఇష్టం లేనివారు ఎక్స్‌ట్రా డ్రై కొని నిరాశపడటం సహజమే.

ఇష్టానికీ నాణ్యతకూ తేడా ఉంది. తీపి వైన్ నచ్చడం ఇష్టం. ఆ తీపికి తగిన పులుపు ఉందా, మింగాక రుచి ఎంతసేపు నిలిచింది, పరిమళం ఒక్కటే ఉందా, నిమిషనిమిషానికీ ఇంకేదైనా బయటపడుతోందా అన్నవి నాణ్యతను తూచే ప్రశ్నలు. నాకు నచ్చని శైలిలోనూ మంచి వైన్ ఉంటుందని ఒప్పుకోగలిగినప్పుడే ఇంకొకరికి సిఫారసు చేయడం సాధ్యం.

సీసా ధరలో వైన్ వాటా ఎంత

విదేశీ సీసాతో మొదలుపెడదాం. వైన్ మీద మన దేశపు సాధారణ దిగుమతి సుంకం 150 శాతం. ఓడరేవుకు చేరేసరికి ఒక సీసా 600 రూపాయలు పడిందనుకుంటే సుంకం 900, మొత్తం 1,500. దాని మీద దిగుమతిదారు, పంపిణీదారు, రాష్ట్ర పన్ను, దుకాణం వాటాలు పడ్డాక అది 3,000 దాటినా ఆశ్చర్యం లేదు. చేతిలో ఉన్నది మాత్రం 600 రూపాయల వైన్.

2022 డిసెంబరు 29న అమల్లోకి వచ్చిన ఒప్పందం ఆస్ట్రేలియా వైన్లకు ఈ లెక్కను మార్చింది. 750 మిల్లీలీటర్ల సీసా 5 డాలర్లకు పైబడి ఉంటే సుంకం మొదటే 100 శాతానికి తగ్గింది, పదేళ్లలో 50 శాతానికి దిగుతుంది. 15 డాలర్లు దాటితే మొదటే 75 శాతం, పదేళ్లలో 25 శాతం. మన 600 రూపాయల సీసా ఆస్ట్రేలియాదైతే సుంకం మొదటే 900 నుంచి 600కు వచ్చిందన్నమాట. 5 డాలర్ల లోపు సీసాకు రాయితీ లేదు. కాబట్టి ఈ ఒప్పందం చౌక విదేశీ వైన్‌ను మరింత చౌక చేయలేదు, మధ్యస్థాయి వైన్‌ను కాస్త అందుబాటులోకి తెచ్చింది.

దేశీ వైన్ మీద కస్టమ్స్ సుంకం లేదు. అక్కడ చూడాల్సినది ఇంకొకటి. రెండు దేశీ సీసాలు, ఒకటి 700, ఇంకొకటి 1,400 అనుకుందాం. లెక్క తేలిక కోసం పన్నులు, అమ్మకందారుల వాటాలు కలిపి సగం పోయాయనుకుంటే మిగిలేవి 350, 700. గాజు సీసా, బిరడా, చీటీ, అట్టపెట్టె, రవాణా రెండింటికీ ఒకటే, 150 అనుకుందాం. వైన్‌కు దక్కేది మొదటిదానిలో 200, రెండోదానిలో 550. ధర రెట్టింపు అయితే లోపలి వైన్ మీద పెట్టిన డబ్బు రెండున్నర రెట్లు దాటింది. మరీ చౌక సీసాకన్నా ఒక మెట్టు పైకి వెళ్తే దక్కే లాభం ఇది. అలాగని ఈ లెక్క పైకంటా సాగదు. ఒక స్థాయి దాటాక పెరిగే ధర పేరున్న నేలకు, కొత్త ఓక్ కొయ్య పీపాలకు, సరుకు తక్కువగా ఉండటానికి, కీర్తికి పోతుంది.

ఖరీదైతే రుచిగా ఉంటుందా: రెండు వాదనలు

ఖరీదు మాయ అనేవారి దగ్గర గట్టి ఆధారాలే ఉన్నాయి. 2008లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనం ఆరువేలకు పైగా రుచి పరీక్షలను విశ్లేషించింది. ధర, పేరు తెలియకుండా తాగినప్పుడు మామూలు జనం ఖరీదైన వైన్‌ను ఎక్కువగా మెచ్చుకోలేదు సరికదా, కాస్త తక్కువగానే మెచ్చుకున్నారు. అదే ఏడాది కాలిఫోర్నియా పరిశోధకులు 5 డాలర్ల వైన్‌నే మరోసారి 45 డాలర్లదని చెప్పి ఇచ్చారు. తాగినవారు రెండోసారి బాగుందన్నారు. అంతకన్నా ముఖ్యం, ఆనందాన్ని నమోదు చేసే మెదడు భాగం కూడా ఎక్కువగా స్పందించింది. వాళ్లు గొప్ప కోసం అబద్ధమాడలేదు. ధర తెలియడం వల్ల రుచి నిజంగానే పెరిగింది. 2001లో ఫ్రాన్స్‌లోని బోర్డో విశ్వవిద్యాలయంలో 54 మంది విద్యార్థులకు వాసనలేని ఎర్రరంగు కలిపిన వైట్ వైన్ ఇస్తే దాన్ని రెడ్ వైన్ మాటలతోనే వర్ణించారు.

న్యాయనిర్ణేతలూ దీనికి అతీతులు కారు. కాలిఫోర్నియా రాష్ట్ర ప్రదర్శనలో జరిగే వైన్ పోటీలో రాబర్ట్ హాడ్జ్‌సన్ అనే వైన్ తయారీదారు ఒకే వైన్‌ను అదే నిర్ణేతకు మూడుసార్లు, గుర్తుపట్టే వీలు లేకుండా ఇప్పించారు. మూడుసార్లూ దగ్గరదగ్గర మార్కులు వేసినవారు పదిశాతం మాత్రమే. సీసా మీద ‘90 పాయింట్లు’ అని మెరిసే స్టిక్కర్ చూసినప్పుడు ఇది గుర్తుండాలి. పైగా ఆ వంద మార్కుల కొలత 50 దగ్గర మొదలవుతుంది.

రెండో వాదననూ అంతే శ్రద్ధగా వినాలి. పైన చెప్పిన ఆరువేల పరీక్షల అధ్యయనంలోనే, వైన్‌లో శిక్షణ ఉన్నవారి విషయంలో ఫలితం తిరగబడింది: వారికి ఖరీదైనవి కాస్త ఎక్కువ నచ్చాయి. అంటే ఆ సీసాల్లో ఏదో ఉంది, దాన్ని గుర్తించడానికి అలవాటు కావాలి. 1976 మే 24న పారిస్‌లో స్టీవెన్ స్పరియర్ అనే బ్రిటిష్ వైన్ వ్యాపారి జరిపిన పోటీ కూడా ఇదే చెబుతుంది. ఫ్రెంచ్ నిర్ణేతలు పేర్లు తెలియకుండా రుచి చూసి రెడ్, వైట్ రెండు విభాగాల్లోనూ కాలిఫోర్నియా వైన్లకు మొదటి స్థానం ఇచ్చారు. దాన్ని నిపుణుల ఓటమిగా చెప్పేవారు ఉన్నారు. నేను అలా అనుకోను. అప్పటికి ప్రపంచం పట్టించుకోని ప్రాంతపు వైన్‌లో నాణ్యతను పేరు చూడకుండా పట్టుకున్నది ఆ నాలుకలే. నిపుణుడు వేసే మార్కును పక్కన పెట్టవచ్చు. ‘ఇది పులుపు ఎక్కువ, వగరు తక్కువ, చల్లగా తాగాలి’ అని అతను చెప్పే మాట విలువైనది.

ఏ శైలిలో తక్కువ డబ్బుకు ఎక్కువ దక్కుతుంది

చౌకలో మంచిది దొరికే అవకాశం అన్ని శైలుల్లోనూ సమానం కాదు. తయారీకి ఖర్చు తక్కువయ్యే శైలిలోనే ఆ అవకాశం ఎక్కువ.

తాజా వైట్ వైన్ ఇందులో ముందుంటుంది. స్టీలు ట్యాంకులో చల్లగా పులియబెట్టి కొన్ని నెలలకే సీసాలో నింపుతారు. పీపాలు అక్కర్లేదు, ఏళ్లతరబడి గోదాములో పెట్టుబడి ఇరుక్కుపోదు. నాసిక్‌లో సూలా కంపెనీ 2000లో తొలి వైన్లు తెచ్చినప్పటి నుంచి షెనిన్ బ్లాంక్, సావిన్యాన్ బ్లాంక్ అనే రెండు ద్రాక్షలు మన దేశంలో బాగా నిలదొక్కుకున్నాయి. షెనిన్ మెత్తగా, పండ్ల రుచితో, తరచూ కొద్దిపాటి తీపితో ఉంటుంది. సావిన్యాన్‌లో పులుపు పదును ఎక్కువ, పచ్చి ఆకు వాసన తెలుస్తుంది. మొదటిసారి వైన్ రుచి చూసేవారికి ఒక్క శైలి చెప్పమంటే నేను దేశీ షెనిన్‌నే చెబుతాను. విదేశీ సీసాల్లో అయితే దక్షిణాఫ్రికా షెనిన్ ధరకు తగిన విలువ ఇచ్చేవాటిలో ఒకటి.

రెడ్ దగ్గర లెక్క మారుతుంది. చాలా మంచి రెడ్ వైన్లను ఓక్ పీపాల్లో ఉంచుతారు. ప్రామాణిక ఫ్రెంచ్ పీపా 225 లీటర్లు, అంటే 300 సీసాలు. పీపా ధర 75 వేలు అనుకుని, ఒక్క పంటకే లెక్కేస్తే ఒక్కో సీసాకు 250 రూపాయలు కొయ్యకే పోయింది. మూడు నాలుగు పంటలకు వాడాక ఆ కొయ్య రుచి ఇవ్వడం మానేస్తుంది. కాబట్టి చౌక రెడ్‌లో ఓక్ రుచి దట్టంగా ఉంటే అది పీపా కన్నా ట్యాంకులో వేసిన ఓక్ ముక్కల నుంచి వచ్చి ఉండే అవకాశమే ఎక్కువ. అది నేరమేమీ కాదు, కానీ తక్కువ ధరలో ఓక్ లేకుండా పండు రుచితో ఉండే షిరాజ్ ద్రాక్ష వైన్ ఎక్కువ నిజాయితీగా అనిపిస్తుంది. ఫ్రాన్స్‌లోని బర్గండీ పేరుమోసిన ప్రాంతం కాబట్టి అక్కడి పీనో న్వార్ ద్రాక్ష వైన్‌లో చౌక వెతకడం వృథా శ్రమ. స్పెయిన్ గార్నాచా, చిలీ కాబర్నే ద్రాక్షల వైన్లు, పోర్చుగల్ రెడ్‌లు అదే డబ్బుకు ఎక్కువ ఇస్తాయి.

మనకు దగ్గరి నేల సంగతి విడిగా చెప్పుకోవాలి. ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి సరిహద్దు దాటగానే కోలారు, చిక్కబళ్లాపూర్ ప్రాంతాల్లో ద్రాక్షతోటలు ఉన్నాయి. అక్కడ విరివిగా పండే బెంగళూరు బ్లూ తినడానికి, రసానికి మంచిది. చౌక తీపి వైన్లలోనూ వాడతారు. దానికి అమెరికా జాతి ద్రాక్షలకు ఉండే ఘాటైన వాసన ఉంటుంది, అందుకే డ్రై వైన్‌కు అంతగా నప్పదు. నంది కొండల చాయలో కన్వల్ గ్రోవర్ 1988లో మొదలుపెట్టిన తోటలో ఫ్రెంచ్ ద్రాక్షలు వేశారు. తర్వాత బోర్డో నిపుణుడు మిషెల్ రోలాన్ సలహాదారుగా వచ్చారు. హంపీ కొండల్లోని కృష్మా తోట చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతులది. తెలుగువారు నాటిన తోట నుంచి వచ్చే కాబర్నే దేశంలోని మేలైన రెడ్‌లలో లెక్కకు వస్తోంది. అది చౌక సీసా కాదు, కానీ దిగుమతి సుంకం మోసే అదే ధర విదేశీ సీసాతో పోలిస్తే డబ్బు తోటకే ఎక్కువగా చేరుతుంది.

స్పార్క్లింగ్‌లో శ్రమ ఖరీదైనది. ఫ్రాన్స్ షాంపేన్‌లో రెండో పులియబెట్టడం ఒక్కో సీసాలో విడివిడిగా జరుగుతుంది. అమ్మకానికి ముందు కనీసం 15 నెలలు ఆగాలి. స్పెయిన్ కావా కూడా సీసా పద్ధతిలోనే తయారవుతుంది, కానీ కనీస గడువు 9 నెలలే, పేరుకు చెల్లించేదీ తక్కువ. ఇటలీ ప్రొసెకోను ఎక్కువగా పెద్ద ట్యాంకులో చేస్తారు కాబట్టి తేలికగా, పండ్ల రుచితో ఉంటుంది. షాంపేన్‌లోని రొట్టెలాంటి వాసన కావాలంటే తక్కువ ఖర్చులో దారి కావాదే.

తిరుపతి ఎండ సీసాకు చేసేది

‘పాతబడేకొద్దీ బాగుంటుంది’ అన్నది కొద్ది వైన్ల విషయంలోనే నిజం. లోకంలో తయారయ్యే వైన్‌లో అత్యధిక భాగం ఒకటి రెండేళ్లలో తాగడానికి చేసినదే. బాగా పాతబడే వైన్‌కు కూడా 12 నుంచి 15 డిగ్రీల నిలకడైన చల్లదనం కావాలి. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో పగటి వేడి 40 డిగ్రీలు దాటుతుంది. ఏసీ లేని దుకాణంలో ఒక వేసవి గడిపిన సీసాలో తాజా పరిమళం పోయి, ఉడికించిన పండులాంటి వాసన మిగులుతుంది. అందువల్ల మన ఊళ్లో నాలుగేళ్ల నాటి ఖరీదైన వైట్‌కన్నా నిరుడు పండిన చౌక వైట్ నయం కావచ్చు. ధరకన్నా ముందు చీటీ మీది పంట సంవత్సరం చదవాలన్నది ఇందుకే.

వేడి తగిలిన సీసాకు ఆనవాళ్లు ఉంటాయి: బిరడా పైకి పొడుచుకు రావడం, మూత చుట్టూ జిగట, వైట్ వైన్ ముదురు పసుపుకు తిరగడం. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే అది వేడి వల్ల కాదు, బిరడాలోని లోపం వల్ల. తిప్పి తీసే మరమూత ఉన్న సీసాకు ఆ బెడద దాదాపు లేదు. మరమూత అంటే చౌకరకం అనే అభిప్రాయం పాతది. ఆస్ట్రేలియాలోని క్లేర్ లోయ తయారీదారులు 2000 పంట నుంచే తమ మంచి రీస్లింగ్ ద్రాక్ష వైట్ వైన్లకు దాన్ని వాడుతున్నారు.

రెడ్ వైన్‌ను ‘గది ఉష్ణోగ్రత’లో తాగాలన్న మాట చలిదేశపు గదుల నుంచి వచ్చింది, అంటే 15 నుంచి 18 డిగ్రీలు. 34 డిగ్రీల గదిలో తాగే రెడ్‌లో ఆల్కహాలు ముక్కుకు కొడుతుంది, పులుపు మొద్దుబారుతుంది. అరగంట ఫ్రిజ్‌లో ఉంచిన వెయ్యి రూపాయల రెడ్, అలా ఉంచని మూడు వేల రెడ్‌కన్నా బాగుండటం ఇక్కడ మామూలే.

సంగటి, పులుసు, ఊరుబిండి పక్కన

కారానికీ వైన్‌కూ పడదని చాలామంది అంటారు. కారణం తెలిస్తే ఆ మాట సగమే నిజమని తెలుస్తుంది. మిరపలోని క్యాప్సైసిన్ నోట్లో వేడిని గుర్తించే గ్రాహకాలను తట్టిలేపుతుంది. ఆల్కహాలు అవే గ్రాహకాలను మరింత సున్నితం చేస్తుంది. కాబట్టి నాటుకోడి పులుసుతో 14.5 శాతం వగరు రెడ్ తాగితే మంట పెరుగుతుంది, వైన్ చేదనిపిస్తుంది. 11, 12 శాతం ఉండి, కాస్త తీపి మిగిలి, చల్లగా ఉన్న షెనిన్ అయితే మంటను అణుస్తుంది. ఇక్కడ చౌక వైనే మెరుగైన ఎంపిక.

చింతపండు సంగతి నాకు ఎప్పుడూ ముచ్చటగా ఉంటుంది. చింతపండు పులుపుకూ ద్రాక్ష పులుపుకూ మూలం ఒకే ఆమ్లం, టార్టారిక్. వంటకంలో పులుపు వైన్‌కన్నా ఎక్కువైతే వైన్ చప్పబడుతుంది. పులుసు కూరల పక్కన సావిన్యాన్ లాంటి పదునైన వైట్ నిలబడటానికి, మెత్తని రెడ్‌లు వాడిపోవడానికి ఇదే కారణం. వేరుశనగలతో రుబ్బిన ఊరుబిండిలో నూనె ఉంటుంది, పులుపూ ఉంటుంది. దానికి బ్రూట్ స్పార్క్లింగ్ బుడగలు బాగా తోడవుతాయి. మిరియాలు వేసి వేయించిన మటన్‌కు మాత్రం షిరాజ్ కావాలి. టానిన్ మాంసపు ప్రొటీన్లకు అతుక్కుని మెత్తబడుతుంది.

తెరిచిన సీసా లెక్క

విలువను లెక్కించేవారు తరచూ మరిచేది పారబోసే వైన్. 750 మిల్లీలీటర్ల సీసాలో 150 చొప్పున ఐదు గ్లాసులు వస్తాయి. 13 శాతం వైన్ అయితే సీసాలో ఆల్కహాలు 97.5 మిల్లీలీటర్లు, బరువులో సుమారు 77 గ్రాములు. గ్లాసుకు 15 గ్రాముల పైచిలుకు. ఆరోగ్యానికి పూర్తిగా సురక్షితమైన మద్యం మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో ప్రకటించింది. రెడ్ వైన్ గుండెకు మంచిదనే పాత ప్రచారాన్ని కొనడానికి కారణంగా చూపడం సరికాదు.

ఇద్దరు ఒక్కో గ్లాసు తాగే ఇంట్లో మూడు గ్లాసులు మిగులుతాయి. మూత బిగించి ఫ్రిజ్‌లో పెడితే వైట్, రెడ్ మూడు నుంచి ఐదు రోజులు బాగుంటాయి. స్పార్క్లింగ్ ఒకటి రెండు రోజులకే చప్పబడుతుంది. అసలైన పోర్ట్ లాంటివి వారాలు ఆగుతాయి. 1,500 పెట్టి కొన్న స్పార్క్లింగ్‌లో రెండు గ్లాసులు తాగి మిగతాది పారబోస్తే గ్లాసు 750 పడినట్టు. పారబోయలేక అదే రాత్రి ముగిస్తే అనుకున్నదానికి రెండున్నర రెట్లు తాగినట్టు. అలాంటి ఇంటికి 375 మిల్లీలీటర్ల చిన్న సీసా దొరికితే, దాని ధర పెద్ద సీసా ధరలో సగానికన్నా కాస్త ఎక్కువే ఉన్నా, గ్లాసు లెక్కన చౌక అదే.